అర్రజ్జాఖ్: ఆ పేరు చాటున దాక్కోలేనివాళ్ళు

 

చిలుకూరి నారాయణరావు గారి స్మృతిలో మాట్లాడమన్నారు. సంతోషంతోపాటు కాస్త బెరుకు కూడా కలిగింది. నారాయణరావు గారిని తెలుగు లోకం ముఖ్యంగా భాషాశాస్త్రవేత్తగా గుర్తుపెట్టుకుంది. 1937లో వెలువడిన ‘ఆంధ్ర భాషా చరిత్రము’ ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే గ్రంథం. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందిన భాష కాదన్న ఆయన వాదాన్ని తరువాతి పండితులు ఒప్పుకోలేదు. కానీ ఆయన చేసిన మరో పనికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు. అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పిన ఈ హిందూ పండితుడు ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. తెలుగులో ఖురాన్‌కు వచ్చిన తొలి అనువాదంగా దాన్నే చెప్పుకుంటారు. తాను పుట్టిన మతానికి చెందని గ్రంథాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తన భాషలో తిరగరాయాలంటే ఎంత ఓపిక, ఎంత గౌరవం ఉండాలో, అలాంటి పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళను అడిగితే తెలుస్తుంది.

అందుకే ఆయన అనువదించిన గ్రంథంలోంచే ఒక మాట ఎంచుకున్నాను. అల్లాహ్ నామాల్లో ఒకటి: అర్రజ్జాఖ్. మీ వీధిలోనో, బడిలోనో, ఆఫీసులోనో ఒక అబ్దుల్ రజాక్ ఉండే ఉంటాడు. ఆ పేరులో ఉన్నది ఈ నామమే. జీవులకు బతుకుదెరువు ఇచ్చేవాడని అర్థం. ఆ బతుకుదెరువును రిజ్ఖ్ అంటారు. తిండి, బట్ట, వాన, సంతానం, చదువు అన్నీ అందులోకే వస్తాయి. నారు పోసినవాడు నీరు పోయడా అని మనం అనుకునే మాటకు చాలా దగ్గరి భావం. ప్రతి గింజ మీదా తినేవాడి పేరు రాసి ఉంటుందని హైదరాబాదులో ముస్లిములూ హిందువులూ కూడా అంటుంటారు.

వినడానికి ఇది చల్లని మాట. అయితే చల్లని మాటల నీడన చేరి పని ఎగ్గొట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. దేవుడే పెడతాడు అనే వాక్యాన్ని అడ్డం పెట్టుకుని ఎన్ని బాధ్యతలు తప్పించుకోవచ్చో ఆలోచించండి. సోమరి దాక్కోవచ్చు, దొంగ దాక్కోవచ్చు, సరుకు దాచిన వర్తకుడు దాక్కోవచ్చు, లోభి దాక్కోవచ్చు. ఇస్లామీయ సంప్రదాయం వీళ్ళను ఒక్కొక్కరినే ఆ పేరు చాటునుంచి ఎలా బయటికి లాగిందో చెప్పడమే నా ప్రయత్నం. ఆ నామానికి అర్థం ఈ లాగడంలోనే తేటపడిందని నా వాదం.

1. ఆ పేరు ఉన్న చోటు

అల్లాహ్‌కు తొంభై తొమ్మిది పేర్లున్నాయన్న హదీసు (ప్రవక్త మాటగా నమోదైన కథనం) బుఖారీ, ముస్లిం అనే పండితుల సంకలనాల్లో ఉంది. ఆ పేర్ల పట్టిక మాత్రం తిర్మిజీ సంకలనంలోని కథనంలో వస్తుంది. ఆ పట్టిక తరువాతివాళ్ళు కూర్చినదని చాలామంది పండితుల అభిప్రాయం. అందులో అర్రజ్జాఖ్‌కు ముందు అల్ వహ్హాబ్, అంటే అడక్కుండానే వరాలిచ్చేవాడు. తరువాత అల్ ఫత్తాహ్, అంటే మూసుకున్న దారులు తెరిచేవాడు. ఈ రెండింటి మధ్య కూర్చుంది మన నామం.

ఖురాన్‌లో రిజ్ఖ్ ప్రస్తావన అడుగడుగునా కనిపిస్తుంది. అర్రజ్జాఖ్ అన్న రూపం మాత్రం ఒకే ఒక్కసారి, 51వ సూరా (అధ్యాయం) అయిన జారియాత్‌లో, 58వ ఆయత్ (వాక్యం)‌లో వస్తుంది. దాని ముందు ఆయత్‌లను కలిపి చదవాలి. మనుషులనూ జిన్నులనూ ఆరాధన కోసమే సృష్టించానని, వాళ్ళ నుంచి తనకు తిండీ తిప్పలూ అక్కర్లేదని అల్లాహ్ అంటాడు. ఆ వెంటనే ఈ పేరు. అప్పటి మక్కాలో పంటలోనూ పశువుల్లోనూ దేవతలకింత అని వాటా తీసిపెట్టే ఆచారం ఉండేది. ఆరో సూరా ఆ ఆచారాన్ని విమర్శిస్తుంది. అలాంటి శ్రోతల ముందు, నాకు మీ వాటా వద్దు అని చెప్పే దైవం ఈ పేరుతో ప్రవేశించాడు.

మరి ఆయనకు వద్దన్న వాటా ఎవరికి పోవాలి? ఈ ప్రశ్న గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకొక సంగతి. ఇచ్చేవాళ్ళలో అల్లాహ్ శ్రేష్ఠుడని ఖురాన్ చాలాచోట్ల అంటుంది. ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారన్న మాట అందులోనే ఉంది. నాలుగో సూరాలో ఆస్తి పంపకాల సందర్భంలో, అక్కడికొచ్చిన బంధువులకూ అనాథలకూ పేదలకూ అందులోంచి ఇవ్వండని మనుషులకు ఆజ్ఞ. అక్కడ వాడిన క్రియ కూడా రిజ్ఖ్‌కు సంబంధించినదే. అంటే ఇవ్వడం అల్లాహ్ ఒక్కడే తన దగ్గర ఉంచుకున్న పని కాదు. మనిషిని కూడా అందులోకి పిలిచాడు.

2. సోమరి

దైవం మీద భారం వేసి కూర్చోవడాన్ని తవక్కుల్ (దైవం మీద భరోసా) అనుకునేవాళ్ళు మొదటి తరంలోనే ఉన్నారు. యెమెన్ నుంచి కొందరు హజ్జ్‌కు దారిబత్తెం లేకుండా బయల్దేరేవారట. మేం అల్లాహ్ మీద భారం వేసినవాళ్ళం అనేవారు. మక్కా చేరాక చేయి చాచేవారు. దారిబత్తెం వెంట తీసుకెళ్ళండన్న రెండో సూరాలోని ఆజ్ఞ ఆ సందర్భంలోనే వచ్చిందని ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ చెప్పినట్టు బుఖారీలో ఉంది. వాళ్ళ భారం మోసింది మక్కాలోని గృహస్థులు, పేరు మాత్రం అల్లాహ్‌ది.

పక్షుల హదీసు మీలో చాలామంది వినే ఉంటారు. అల్లాహ్ మీద నిజంగా భరోసా పెడితే పక్షులకు ఇచ్చినట్టే మీకూ ఇస్తాడని ప్రవక్త అన్నారు. అవి పొద్దున ఖాళీ కడుపుతో వెళ్తాయి, సాయంత్రం నిండు కడుపుతో తిరిగొస్తాయి. సోమరి ఈ హదీసును గర్వంగా చెబుతాడు. వ్యాఖ్యాతలు అతని దృష్టిని ఒకే చోటికి తిప్పారు: పక్షి పొద్దున బయల్దేరింది. గూట్లో ఉన్న పక్షి గురించి హదీసు ఏమీ హామీ ఇవ్వలేదు.

సూఫీలు చెప్పుకునే కథ ఇంకా పదునైనది. బల్ఖ్ నగరానికి చెందిన షఖీఖ్ వ్యాపారానికి బయల్దేరి దారిలో ఒక పాడుబడ్డ చోట ఆగాడు. అక్కడ చూపు లేని పక్షి ఒకటి ఉంది. ఇంకో పక్షి వచ్చి దాని నోట్లో తిండి పెట్టి పోయింది. ఈ గుడ్డి పక్షికి ఇక్కడే తిండి అందుతుంటే నాకెందుకీ ప్రయాణం అనుకుని షఖీఖ్ వెనక్కి తిరిగాడు. ఇబ్రాహీం ఇబ్నె అద్‌హమ్ అది విని, గుడ్డి పక్షివే ఎందుకయ్యావు, తిండి తెచ్చే పక్షివి ఎందుకు కాలేదు అని అడిగాడట. ఈ ఇబ్రాహీం కూడా బల్ఖ్ వాడే. రాజభోగం వదులుకుని కోతకూలీగా, తోటల కావలివాడుగా బతికాడని ఆయన చరిత్రలు చెబుతాయి. కాబట్టి ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకుంది.

ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర) పండితులు ఇదే మాటను శాస్త్రంగా చెప్పారు. 805లో మరణించిన ముహమ్మద్ షైబానీ, పట్టు బట్టల వ్యాపారి అయిన ఇమాం అబూ హనీఫాకు శిష్యుడు. సంపాదన మీద ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. విద్య నేర్చుకోవడం ఎలా విధో, బతుకుదెరువు వెతుక్కోవడం అలాగే విధి అన్నాడు. కూలి, వర్తకం, సేద్యం, చేతిపని అని నాలుగు మార్గాలు చెప్పి నాలుగింటినీ గౌరవించాడు. ఈ సంప్రదాయంలో రైతుకు మంచి పీట ఉంది. ఎవరైనా విత్తిన దాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది విత్తినవాడి ఖాతాలో దానమేనని హదీసు. దేవుడిచ్చే తిండి అతని చేతి మీదుగా వెళ్తోందన్నమాట.

62వ సూరా చివరి రెండు ఆయత్‌లు ఈ లెక్కను ఒక్క చోట తేల్చేస్తాయి. శుక్రవారం నమాజు ముగిశాక భూమి మీద చెదిరిపోయి అల్లాహ్ అనుగ్రహాన్ని వెతుక్కోండని మొదటిది. మదీనాలో ఒకసారి ప్రవక్త ఖుత్బా (శుక్రవారపు ప్రసంగం) చెబుతుండగా సరుకుల బిడారు వచ్చింది. జనం ఆయన్ను నిలబెట్టి అటు పరుగెత్తారు. పన్నెండు మందే మిగిలారని హదీసు. రెండో ఆయత్ వాళ్ళను మందలిస్తూ, ఇచ్చేవాళ్ళలో అల్లాహ్ శ్రేష్ఠుడని గుర్తుచేస్తుంది. బజారుకు పొమ్మన్నదీ, బజారే సర్వస్వం అనుకోవద్దన్నదీ పక్కపక్కనే ఉన్నాయి. మన ఉపన్యాసాలకు పన్నెండు మంది మిగిలితే గొప్పే అని ముందు వరుసలో ఒకరు నవ్వుతున్నారు. నిజమే.

3. దొంగ

ఇప్పుడు కాస్త తర్కంలోకి పోదాం. ఒకడు దొంగిలించిన రొట్టె తిన్నాడు. ఆ రొట్టె అల్లాహ్ అతనికిచ్చిన రిజ్ఖేనా?

ముఅతజిలా పండితులు కాదన్నారు. బస్రా, బాగ్దాద్ నగరాల్లో వెలసిన ఈ వర్గానికి దైవన్యాయం ప్రాణం. నిషిద్ధమైన దాన్ని దైవం ఎలా ఇస్తాడు? ఒకరి సొత్తును ఇంకొకరికిచ్చి, ఆ పైన తిన్నందుకు శిక్షిస్తాడా? కాబట్టి న్యాయంగా వచ్చిందే రిజ్ఖ్, దొంగ సొత్తు ఆ లెక్కలోకి రాదు అన్నారు.

అష్అరీ పండితులు దీన్ని ఒప్పుకోలేదు. ఆ వర్గానికి పేరిచ్చిన అబుల్ హసన్ అష్అరీ, 936లో మరణించినవాడు, నలభయ్యో ఏటి దాకా తానూ ముఅతజిలానే. ఆయన పక్షం ఇలా అడిగింది: పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా దొంగ సొత్తు మీదే బతికినవాడిని ఊహించండి. మీ లెక్కన అతనికి జీవితాంతం దైవం ఏమీ ఇవ్వలేదు. కానీ భూమి మీది ప్రతి జీవి తిండి భారమూ అల్లాహ్‌దేనని 11వ సూరా అంటోందే! కాబట్టి ఒంటికి పట్టిన తిండి ఏదైనా రిజ్ఖే. కొంత ధర్మమైనది, కొంత నిషిద్ధమైనది.

పైకి చూస్తే అష్అరీలు దొంగకు తలుపు తెరిచినట్టుంది. నాకు దేవుడే ఇచ్చాడని వాడు అనొచ్చు కదా? అనలేడు. దైవం ఇవ్వడం వేరు, నువ్వు తీసుకున్న తీరు వేరు అని వాళ్ళే కచ్చితంగా చెప్పారు. తీసుకున్న తీరుకు జవాబు చెప్పాల్సింది మనిషే. ముఅతజిలా దైవన్యాయాన్ని కాపాడాలనుకున్నారు, అష్అరీలు దైవం ఎవరినీ వదిలిపెట్టడన్న మాటను కాపాడాలనుకున్నారు. ఇన్ని తరాలు వాదించుకున్న ఈ ఇద్దరూ దొంగ విషయంలో మాత్రం ఏకమయ్యారు. నా దగ్గర ఉంది కనుక నాకు దైవం రాసిచ్చినట్టే అన్న వాదనను ఇద్దరూ ఒప్పుకోలేదు. లంచం డబ్బుతో కట్టిన ఇంటి గుమ్మం మీద ఇది దేవుడి దయ అని రాయించుకునేవాళ్ళకు ఈ పాత వాదం ఇంకా పనికొస్తుంది.

4. వర్తకుడు

ఈ నామం బజారులో వినిపించిన సందర్భం ఒకటుంది. మదీనాలో ఒకసారి ధరలు పెరిగాయి. ధర కట్టండని జనం ప్రవక్తను అడిగారు. ఆయన ధర కట్టలేదు. ధరలు పెంచేదీ తగ్గించేదీ, బిగించేదీ వదిలేదీ అల్లాహ్, ఆయనే రజ్జాఖ్ అన్నారు. ఎవరి ధనం విషయంలోనూ అన్యాయం చేశానన్న నింద లేకుండా తాను అల్లాహ్‌ను కలవాలనుకుంటున్నానని కూడా అన్నారు. ప్రవక్త సహచరుడు అనస్ చెప్పిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది.

వర్తకుడికి ఇంతకంటే మంచి చాటు ఏముంటుంది? ధర దేవుడే నిర్ణయిస్తాడు, మీరెవరు అడగడానికి అని అనేయొచ్చు. కానీ సరుకు దాచేవాడు పాపి అన్న హదీసు ముస్లిం సంకలనంలో అంతే గట్టిగా ఉంది. ఈ రెండింటినీ ముడివేసి చూసినవాడు ఇబ్నె తైమియా. 1328లో డమాస్కస్‌లో మరణించిన ఈ పండితుడు బజారు పర్యవేక్షణ మీద రాసిన గ్రంథంలో తేడా స్పష్టం చేశాడు. సరుకు తగ్గడం వల్లనో, కొనేవాళ్ళు పెరగడం వల్లనో, ఎవరి కుట్రా లేకుండా ధర పెరిగితే అది అల్లాహ్ చేతిలోని పని. అప్పుడు వర్తకుణ్ణి బలవంతపెట్టడం అన్యాయం. జనానికి అత్యవసరమైన సరుకును దాచిపెట్టో, కూడబలుక్కునో ధర పెంచితే అది మనిషి చేసిన పని. అప్పుడు సరైన ధరకు అమ్మమని అధికారి ఆదేశించవచ్చు, ఆదేశించాలి కూడా.

ఈ తేడాకు మన నేల మీద ఎంత విలువ ఉందో చూడండి. 1876–78 నాటి కరువును రాయలసీమ ఇప్పటికీ ధాత కరువు అంటుంది. ఆ ఏడు ధాత నామ సంవత్సరం. వానలు పోవడం దైవం ఖాతాలో వెయ్యొచ్చు. కానీ ఆ రోజుల్లో దేశంలో గింజలు లేకపోలేదు. రైళ్ళలో వచ్చాయి, ఓడల్లో ఎగుమతి కూడా అయ్యాయి. వచ్చిన గింజ కొనే శక్తి కూలివాడికి లేదు. వానకు ఒక లెక్క, గింజ ధరకు ఇంకో లెక్క అని విడదీసి అడగడమే ఇబ్నె తైమియా నేర్పిన పద్ధతి. రెండింటినీ కలిపి దైవం మీదికి నెట్టేస్తే లాభపడేది గిడ్డంగి తాళం చేతిలో ఉన్నవాడు.

5. లోభి

అందరిలోకీ తెలివైనవాడు లోభి. అతని వాదన 36వ సూరా అయిన యాసీన్‌లోనే నమోదైంది. మన ఊళ్ళల్లో ముస్లిం ఇళ్ళలో చావు దగ్గరపడినవాళ్ళ పక్కన కూర్చుని చదివే సూరా ఇది. అల్లాహ్ మీకిచ్చిన దాంట్లోంచి ఖర్చు చేయండని చెబితే తిరస్కారులు ఏమన్నారంటే: అల్లాహ్ తలుచుకుంటే తానే తిండి పెట్టగలడు కదా, అలాంటివాళ్ళకు మేమెందుకు పెట్టాలి?

మాటగా చూస్తే ఇందులో ఒక్క అక్షరం తప్పు లేదు. అల్లాహ్ పెట్టగలడు, నిజమే. రజ్జాఖ్ అన్న పేరుకు అర్థం కూడా అదే. అయినా ఖురాన్ ఆ మాటను తిరస్కారుల నోట పెట్టింది. నా ఉపన్యాసం మొత్తానికీ ఇదే కీలకం అనుకుంటాను. దేవుడే పెడతాడు అని ఆకలితో ఉన్నవాడు తనకు తాను చెప్పుకుంటే అది విశ్వాసం. కడుపు నిండినవాడు అదే మాట ఆకలితో ఉన్నవాడికి చెబితే అది తిరస్కారం. మాట ఒకటే, ఎవరు ఎవరికి చెబుతున్నారన్న దాన్ని బట్టి అది ప్రార్థన అవుతుంది, లేదా ఎగవేత అవుతుంది.

మొదట్లో వదిలిన ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. అల్లాహ్ వద్దన్న వాటా ఎవరికి పోవాలి? ముస్లిం సంకలనంలోని ఒక హదీసులో తీర్పు రోజు సన్నివేశం ఉంది. నేను తిండి అడిగితే నువ్వు పెట్టలేదని అల్లాహ్ మనిషిని నిలదీస్తాడు. లోకాలన్నిటికీ ప్రభువైన నీకు నేను ఎలా పెట్టగలను అని మనిషి తెల్లబోతాడు. ఫలానా నా దాసుడు నిన్ను అడిగాడు, అతనికి పెట్టి ఉంటే అది నా దగ్గర నీకు కనిపించేది అంటాడు. జారియాత్ సూరాలో నాకు తిండి వద్దన్న దైవమే ఇక్కడ నాకెందుకు పెట్టలేదంటున్నాడు. ఈ రెండు మాటలూ కలిపి చదివితే లోభికి నిలబడే చోటు లేదు.

సంపదలో అడిగేవాళ్ళకూ, అడగలేక ఉండిపోయేవాళ్ళకూ హక్కు ఉందని ఖురాన్ చెబుతుంది. జకాత్, అంటే విధిగా ఇవ్వాల్సిన దానం, ఆ హక్కుకు కట్టిన లెక్క. నగదు మీద, బంగారం మీద నూటికి 2.5 వంతు అని అందరికీ తెలుసు. పంట మీది లెక్క మాత్రం రైతు బిడ్డలకు మరీ నచ్చుతుంది. వానతోనో, ఊటతోనో, పారే నీటితోనో పండితే పదో వంతు. తోడిపోసి పండిస్తే ఇరవయ్యో వంతు. మెట్టకు ఒక లెక్క, మోట కొట్టి తడిపిన చేనుకు సగం లెక్క. దైవం నీరిచ్చిన చోట పేదవాడి వాటా ఎక్కువ, మనిషి చెమట కలిసిన చోట తక్కువ. రజ్జాఖ్ అన్న నామం పొలం గట్టు మీద గణితంగా మారిన తీరు ఇది. రైతు శ్రమను ఇది తీసిపారేయలేదు. వాన తన సొంతమని చెప్పుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

6. నోళ్ళు లెక్కపెట్టేవాడు

లోభి తన సంచి చూసుకుంటాడు. ఇంకొకడు ఎదుటివాళ్ళ నోళ్ళు లెక్కపెడతాడు. ఆ లెక్క రెండు రకాలు.

మొదటిది ఇంట్లోనే మొదలవుతుంది. అరబ్బుల్లో కొందరు పేదరికం భయంతో బిడ్డలను, ముఖ్యంగా ఆడబిడ్డలను చంపేసేవారు. ఖురాన్ దీన్ని రెండు చోట్ల నిషేధించింది. ఆరో సూరాలో పేదరికం వల్ల చంపకండి అంటూ, మీకూ వాళ్ళకూ మేమే ఇస్తామంటుంది. 17వ సూరాలో పేదరికం వస్తుందన్న భయంతో చంపకండి అంటూ, వాళ్ళకూ మీకూ మేమే ఇస్తామంటుంది. వరుస మారింది చూశారా? ఇప్పటికే లేమిలో ఉన్న తండ్రికి ముందు తన ఆకలి కనిపిస్తుంది, కాబట్టి ముందు అతనికి భరోసా. రేపటి గురించి భయపడే తండ్రికి బిడ్డే భారంగా కనిపిస్తుంది, కాబట్టి ముందు బిడ్డ పేరు. ఈ తేడాను పాత వ్యాఖ్యాతలే పట్టుకున్నారు. ఆడపిల్లను గుండెల మీద కుంపటి అని నిన్నమొన్నటిదాకా అన్న మనం ఈ చోట కాసేపు ఆగాలి.

రెండో లెక్క మనవాళ్ళెవరు, కానివాళ్ళెవరు అన్నది. మక్కా నగరం కోసం ఇబ్రాహీం ప్రవక్త చేసిన ప్రార్థన రెండో సూరాలో ఉంది. అల్లాహ్‌ను, అంతిమదినాన్ని నమ్మిన ఇక్కడి జనానికి పండ్లు ఇవ్వమని అడిగాడు. నమ్మినవాళ్ళకు అని ఆయనే హద్దు గీశాడు. అల్లాహ్ ఆ హద్దు చెరిపేశాడు. నమ్మనివాడికి కూడా ఇస్తాను, అతని లెక్క తరువాత నేను చూసుకుంటాను అన్నాడు. అడిగినవాడు మహా ప్రవక్త, అడిగింది మంచి మనసుతోనే. అయినా తిండి దగ్గర విశ్వాసపరీక్ష పెట్టనివ్వలేదు.

పారసీక కవి సాదీ 1257లో ముగించిన ‘బూస్తాన్’లో ఇబ్రాహీం మీదే ఒక కథ చెప్పాడు. అతిథి లేనిదే ముద్ద ముట్టని ఇబ్రాహీం ఒక ముసలివాణ్ణి భోజనానికి పిలిచాడు. తినబోతూ ఆ ముసలివాడు దైవాన్ని తలుచుకోలేదు. అడిగితే తాను అగ్నిపూజకుణ్ణని చెప్పాడు. ఇబ్రాహీం అతన్ని పంపేశాడు. వెంటనే దైవం నుంచి మందలింపు వచ్చింది: ఇతనికి నేను నూరేళ్ళుగా తిండి పెడుతున్నాను, నువ్వు ఒక్క పూట ఓర్చుకోలేకపోయావా? ఒకరి ఆకలి తీర్చే ముందు వాళ్ళ కులమో మతమో అడగడం ఈ దేశంలో కొత్తేమీ కాదు. అలా అడిగే ముస్లిముకైనా, ముస్లిమేతరుడికైనా ఈ కథ సరిపోతుంది.

7. దాత

ఇక మిగిలింది దాత. అతను ఏమీ దాచడం లేదే, పెడుతున్నాడు కదా, అతన్నెందుకు బయటికి లాగాలి? నిజానికి ఈ నామం అందరికంటే ఎక్కువగా కనిపెట్టి చూసేది అతన్నే. మిగిలినవాళ్ళు ఆ పేరు చాటున దాక్కుంటే, దాత ఆ పేరును తనే పెట్టుకోవాలని చూస్తాడు.

దెప్పిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని చెడగొట్టుకోవద్దని రెండో సూరా హెచ్చరిస్తుంది. 76వ సూరాలో మంచివాళ్ళ వర్ణన ఉంది. వాళ్ళు పేదకు, అనాథకు, యుద్ధఖైదీకి తిండి పెడతారు. ప్రతిఫలమూ కృతజ్ఞతా ఏదీ మీ నుంచి కోరమంటారు. గజాలీ, 1058లో పుట్టి 1111లో మరణించిన మహా పండితుడు, నామాల మీద రాసిన గ్రంథంలో ప్రతి నామంలోనూ మనిషికి దక్కే పాలు ఏమిటో చెబుతాడు. రిజ్ఖ్ రెండు రకాలంటాడు: ఒళ్ళు నిలబెట్టే తిండి, మనసు నిలబెట్టే జ్ఞానం. రజ్జాఖ్‌లో మనిషి పాలు ఏమిటంటే, దారి చూపే నాలుకా దానమిచ్చే చేయీ కలిగి, ఆ రెండూ జనానికి చేరడానికి నిమిత్తం కావడం. పెట్టే చేయి దైవ ఖజానాకు తాళంచెవి. తాళంచెవి పట్టుకున్నంత మాత్రాన ఖజానాకు ఎవరూ యజమాని కారు. వాట్సాప్‌లో ఫొటో పెట్టడానికి ఒక్క అరటిపండును ఆరుగురు కలిసి రోగికి అందించే కాలంలో గజాలీ మాట గుర్తుచేయడం అనవసరం కాదనుకుంటాను.

ఈ సంగతిని మన జనం తమదైన తీరులో ఆచరించే చోటు ఒకటుంది. నెల్లూరు బారాషహీద్ దర్గాలో మొహర్రం నెలలో రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో నిలబడి హిందువులు, ముస్లిములు రొట్టెలు మార్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఇలా కోరికకో రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరినవాళ్ళు మరో ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. శాస్త్రం ప్రకారం ఇది సరైన ఆచారమా అంటే ఒప్పుకోని ముస్లిములు చాలామంది ఉన్నారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. నేను చూస్తున్నది ఒక్క సంగతే: అక్కడ దాతలని ఒక వర్గం, పుచ్చుకునేవాళ్ళని ఒక వర్గం లేవు. ఈ ఏడు చేయి చాచినవాడే మరో ఏడు ఇస్తాడు. ఒకే నీళ్ళలో నిలబడతారు కాబట్టి ఎవరి చేయీ పైది కాదు.

8. ఒకే ఏడాదిలో

ఇవన్నీ పుస్తకాల మాటలని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. ఈ ఏడు పాఠాలూ దాదాపుగా కలిసి కనిపించిన ఒక ఏడాది గురించి చెప్పి ముగిస్తాను. హిజ్రీ 18, క్రీస్తుశకం 639. అరేబియాలో పెద్ద కరువు. నేల బూడిదలా మారిందని దాన్ని బూడిద సంవత్సరం అన్నారు. అప్పటి ఖలీఫా ఉమర్. ఎడారి తెగలు తిండి కోసం మదీనా చుట్టూ వచ్చి దిగాయి.

ఉమర్ వానకోసం జనంతో కలిసి ప్రార్థన చేశాడు. ప్రవక్త పినతండ్రి అబ్బాస్‌ను ముందు నిలిపి చేసిన ఆ ప్రార్థన బుఖారీలో ఉంది. అంతటితో చేతులు ముడుచుకోలేదు. సిరియా, ఇరాక్ ప్రాంతాల అధికారులకు ధాన్యం పంపమని కబురు పంపాడు, ఒంటెల బారులు వచ్చాయి. ఆకలికి దొంగిలించినవాడి చేయి నరికే శిక్షను ఆ కాలంలో ఆపాడని చరిత్రకారులు రాశారు. జకాత్ వసూలును ఆ ఏడు వాయిదా వేశాడని కూడా రాశారు. జనం తేరుకునేదాకా నెయ్యి, మాంసం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. నూనె తిని తిని ఆయన ఒంటి రంగే మారిందట.

ఇక్కడ సోమరికి, దొంగకు, లోభికి, దాతకు అందరికీ జవాబుంది. అల్లాహ్ రజ్జాఖ్ అని ఉమర్ కంటే గట్టిగా నమ్మినవాణ్ణి చరిత్రలో వెతకడం కష్టం. ఆ నమ్మకం ఆయన చేత ఉత్తరాలు రాయించింది, వంటలు చేయించింది, సొంత పళ్ళెంలోంచి నెయ్యి తీయించింది. ఆకలితో వచ్చిన ఒక్క తెగతోనూ దేవుడు పెడతాడు పొమ్మని అనిపించలేదు.

కాబట్టి ఈ నామానికి అర్థం ఏమిటని నన్నెవరైనా అడిగితే నా జవాబు ఇది. తిండి మీద మనిషి యజమాని కాడు, పంపిణీ బాధ్యత నుంచి మాత్రం తప్పుకోలేడు. రేషన్ దుకాణంలో తూకం సరిగ్గా ఉందా, పెళ్ళి విందులో మిగిలింది ఎక్కడికి పోయింది, కౌలురైతు చేతికి పంట చివర ఏం మిగిలింది, పనిమనిషి ఇంట్లో ఈ రోజు పొయ్యి వెలిగిందా అని అడగడం ఈ నామాన్ని జపించడంలో భాగమే. అడగకుండా తస్బీహ్ (జపమాల) పూసలు మాత్రం తిప్పితే, యాసీన్‌లోని ఆ తిరస్కారుల వాదనను మనం పూసలతో లెక్కపెడుతున్నట్టే.